సేమ్యాకు మారుగా సొరకాయ పోగులు

మధుమేహం ఉన్నదని తెలిసిన నాటి నుండి రోగికి ఇంటా బయటా వినిపించేవన్నీ నిషేధాలే. అన్నం తగ్గించవలెను, తీపి మానవలెను, దుంపలు కూడదు, మామిడిపండు ముట్టరాదు. వినీ వినీ రోగి విసిగిపోతాడు. వంటింటి భారం మోసేవారు అంతకంటె ఎక్కువగా విసిగిపోతారు. నా వైద్యశాలకు వచ్చే గృహిణులు తరచు అడిగే మాట ఇది: “మానవలసినవి అందరూ చెబుతున్నారండీ. పొద్దున్నే ఏమి వండిపెట్టాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.”

న్యాయమైన ప్రశ్న. పథ్యం అనగానే నాలుక కట్టుకోవడం అని మనకు ఒక అపోహ ఏర్పడినది. చరక మహర్షి అభిప్రాయం అది కాదు. శరీర మార్గాలకు చెరుపు చేయనిది, మనస్సుకు ప్రియమైనది పథ్యమని ఆయన నిర్వచించాడు. మనస్సుకు నచ్చని పథ్యాన్ని రోగి నాలుగు రోజులకే విడిచిపెడతాడని ఆ మహర్షికి తెలుసు. కావున ఈ వ్యాసంలో ఒక నిషేధాన్ని కాక, ఒక వంటకాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాను. మన ఇళ్ళలో అందరికీ పరిచయమైన సేమ్యా ఉప్మాను, సేమ్యా లేకుండా, లేత సొరకాయను సన్నని పోగులుగా తరిగి చేసుకునే విధానం ఇది. దానితోపాటు, ఇటువంటి వంటకాలు తినే మధుమేహులు మాత్రల విషయంలో తప్పక పాటించవలసిన జాగ్రత్తను కూడా వివరిస్తాను. ఆ భాగం చదవకుండా వంటకం మాత్రం చేసుకోవద్దని ముందుగానే నా మనవి.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం, మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని ముందు దశలో ఉన్నారని అంచనా వేసింది. అంటే ఇది ఏ ఒక్కరి ఇంటి సమస్యో కాదు. మధుమేహం ఉన్నవారికి గుండె జబ్బు ముప్పు కూడా అధికమే. అందుచేత ఈ రెండింటికీ పనికివచ్చే ఆహారాన్ని కలిపి ఆలోచించడం అవసరం.

సేమ్యాలో ఉన్నదేమిటి?

సేమ్యాను మైదాతోనో, గోధుమరవ్వతోనో చేస్తారు. 100 గ్రాముల పొడి సేమ్యాలో పిండిపదార్థం సుమారు 75 గ్రాములు. ఒక మనిషి ఫలహారానికి 75 గ్రాముల సేమ్యా వాడితే, ఒక్క పూటలో 55 గ్రాములకు పైగా పిండిపదార్థం లోపలికి వెళుతుంది. సేమ్యా తియ్యగా ఉండదు కాబట్టి చక్కెరతో సంబంధం లేదని కొందరు అనుకుంటారు. పిండిపదార్థం ఏదైనా జీర్ణమైన తరువాత గ్లూకోజుగా మారి రక్తంలో చేరవలసినదే. పీచు తీసివేసిన మైదా అయితే ఆ మార్పు మరింత త్వరగా జరుగుతుంది.

పొట్లాలలో అమ్మే నూడుల్స్ సంగతి ఇంకా కష్టం. వాటిలో అధిక భాగం నూనెలో వేయించి ఎండబెట్టినవి. వాటితో ఇచ్చే మసాలా పొడిలో ఉప్పు చాలా ఎక్కువ. అనగా మధుమేహానికి పిండి, గుండెకు కొవ్వు, రక్తపోటుకు ఉప్పు, మూడూ ఒకే పొట్లంలో చేరుతున్నాయి.

“అయితే చిరుధాన్యాల సేమ్యా వాడవచ్చునా?” అని చాలామంది అడుగుతారు. కొర్రలు, జొన్నలు, రాగులు మంచివే. మైదాతో పోలిస్తే వాటిలో పీచు ఎక్కువ. అయినా అవి ధాన్యాలే. వాటిలో కూడా పిండిపదార్థం 100 గ్రాములకు 60 నుండి 70 గ్రాముల దాకా ఉంటుంది. చిరుధాన్యం కదా అని రెండింతలు తింటే ఫలితం శూన్యం. పైగా పొట్లం మీద పెద్ద అక్షరాలతో రాగి అనో, ఓట్స్ అనో వ్రాసి ఉన్నా, వెనుక ఉన్న చిన్న అక్షరాలను చదవవలెను. మన దేశపు నిబంధనల ప్రకారం, ఏ పదార్థం ఎక్కువ బరువు ఉంటే దానిని ముందు వ్రాయవలెను. అక్కడ మొదటి పేరు మైదా అయితే, అది మైదా సేమ్యాయే.

శాస్త్రం ఏమంటున్నది?

గురుకులంలో మేము చరక సంహితను కంఠస్థం చేసిన రోజులలో, ప్రమేహ నిదానం చదివినప్పుడల్లా మా గురువుగారు ఒక విషయాన్ని నొక్కి చెప్పేవారు. ఆ అధ్యాయంలో వ్యాధి కారణాలుగా కనిపించేవి క్రిములో, గ్రహాలో కావు. మెత్తని ఆసనం మీద సుఖంగా కూర్చుని ఉండడం, అతినిద్ర, పెరుగు, బెల్లపు వికారాలు, కొత్త ధాన్యాలు, కఫాన్ని పెంచే ఆహారాలు. అంటే రోగి ఇంటి దినచర్యయే రోగ నిదానం. ప్రమేహాలు 20 విధాలని, వాటిలో కఫజాలు 10, పిత్తజాలు 6, వాతజాలు 4 అని చరకుడు విభజించాడు. సుశ్రుతుడు మరొక విభజన చేశాడు. పుట్టుకతో వచ్చేది ఒకటి, అపథ్యం వలన వచ్చేది మరొకటి. మొదటి దానిలో రోగి కృశించి ఉంటాడని, రెండవ దానిలో స్థూలుడై ఉంటాడని చెప్పాడు. కృశించిన రోగికి, స్థూలుడైన రోగికి ఒకే ఆహారం పనికిరాదని కూడా ఇందువలన మనం గ్రహించవలెను. ఈ వంటకం ప్రధానంగా రెండవ వర్గం వారికి ఉద్దేశించినది.

కఫం, మేదస్సు, క్లేదం అనే మూడింటి వృద్ధిని ప్రమేహానికి మూలమని శాస్త్రం భావించింది. కావున క్లేదాన్ని తగ్గించే యవలకు ప్రమేహ చికిత్సలో పెద్దపీట వేసింది. సొరకాయ పోగులు యవల వలె శాస్త్రంలో చెప్పబడిన ప్రమేహ ఔషధం కాదు. కఫమేదస్సులను పెంచే పిండి వంటకపు స్థానాన్ని అది ఆక్రమిస్తుంది. దాని ప్రయోజనమంతా ఆ స్థానభ్రంశంలోనే ఉన్నది. ఈ సంగతి మరువరాదు.

సొరకాయ గుణాలు, ‘హృద్యం’ అనే మాట

సొరకాయను కొన్ని ప్రాంతాలలో ఆనపకాయ అంటారు. సంస్కృతంలో అలాబు, తుంబి అని పేర్లు. ఇందులో 90 శాతానికి మించి నీరే. 100 గ్రాములలో పిండిపదార్థం సుమారు 3 గ్రాములు మాత్రమే. తియ్యని తుంబిని భావప్రకాశ నిఘంటువు పిత్తకఫహరమని, గురువని, హృద్యమని వర్ణించింది. గురువు అనగా ఆలస్యంగా జీర్ణమయ్యేది. అందుకే ఈ వంటకంలో అల్లం, జీలకర్ర, మిరియాలు చేర్చుతున్నాము. అవి రుచి కొరకు మాత్రమే కాదు, జఠరాగ్నిని దీపింపజేయడం కొరకు కూడా.

హృద్యం అనే మాట వద్ద కొంత నిదానించవలెను. ఈ మాటను పట్టుకుని, సొరకాయ రసం త్రాగితే గుండె రక్తనాళాలలోని అడ్డంకులు కరిగిపోతాయని ప్రచారం చేసేవారు ఉన్నారు. ఆయుర్వేదంలో హృద్యం అంటే మనస్సుకు ఇంపైనది, రుచికరమైనది అనే అర్థం విరివిగా కనిపిస్తుంది. హృదయానికి హితమైనది అనే అర్థం కూడా కలదు. కాని ఏర్పడిన అడ్డంకిని కరిగించేది అనే అర్థం ఏ విధంగానూ రాదు. గుండెకు స్టెంటు వేయించుకోవలసినదని వైద్యులు చెప్పినవారు, ఛాతీ నొప్పి వస్తున్నవారు రసాలను నమ్ముకుని కాలయాపన చేయడం ప్రాణాంతకం.

చేదు సొరకాయతో ప్రమాదం

సొరజాతిలో తీపి, చేదు రెండూ ఉన్నాయి. చేదు సొరను చరకుడు ఇక్ష్వాకు అనే పేరుతో కల్పస్థానం మూడవ అధ్యాయంలో వివరించి, వమనం చేయించేందుకు 45 యోగాలను చెప్పాడు. అనగా చేదు సొర కూరగాయ కాదు, వాంతులు చేయించే తీవ్రమైన ద్రవ్యం. తీపి జాతి తీగకు కాసిన కాయ కూడా ఒక్కొక్కసారి చేదెక్కుతుంది. పైకి చూస్తే తేడా తెలియదు.

ఆ చేదుకు కారణమైన పదార్థాలను నేటి శాస్త్రజ్ఞులు కుకుర్బిటాసిన్లు అంటారు. చేదు సొరకాయ రసం త్రాగి తీవ్రమైన వాంతులు, విరేచనాలు, రక్తం కక్కుకోవడం, రక్తపోటు పడిపోవడం వంటి లక్షణాలకు లోనై మరణించినవారు మన దేశంలో ఉన్నారు. ఆ ఘటనల దరిమిలా భారత వైద్య పరిశోధన మండలి ఒక నిపుణుల సంఘాన్ని నియమించింది. 2012లో ప్రచురితమైన ఆ సంఘం నివేదిక సారాంశం ఇది: చిన్న ముక్క రుచి చూడకుండా రసం తీయరాదు, చేదుగా ఉంటే కాయ మొత్తాన్ని పారవేయవలెను, సొరకాయ రసాన్ని ఇతర రసాలతో కలపరాదు, త్రాగిన తరువాత బాధ కలిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. ఈ విషానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు.

వండితే చేదు పోతుందని, చింతపండో బెల్లమో వేస్తే సరిపోతుందని భావించరాదు. రుచి మరుగున పడుతుందే గాని విషం పోదు. కావున ప్రతి కాయనూ రెండు చివరల నుండి, నడుమ నుండి చిన్న ముక్క చొప్పున కోసి నాలుకకు తాకించి, ఉమ్మివేసి, నోరు పుక్కిలించవలెను. ఏమాత్రం చేదు తగిలినా, కాయ ఖరీదు గురించి ఆలోచించకుండా పారవేయవలెను. బీరకాయకు, దోసకాయకు కూడా ఇదే పరీక్ష వర్తిస్తుంది.

కావలసినవి (ఇద్దరికి)

లేత సొరకాయ: సుమారు 700 గ్రాములు (తొక్క, గింజల భాగం పోను 500 గ్రాములు మిగలవలెను)
మొలకెత్తిన పెసలు: 100 గ్రాములు (సుమారు 50 గ్రాముల పొడి పెసలను నానబెట్టి మొలకెత్తించినవి)
వేరుశెనగ గుళ్ళు: 30 గ్రాములు
క్యారట్: చిన్నది ఒకటి
బీన్స్: 50 గ్రాములు
ఉల్లిపాయ: చిన్నది ఒకటి
పచ్చిమిరపకాయలు: 2
అల్లం: అంగుళం ముక్క
కరివేపాకు: 2 రెబ్బలు
ఆవాలు, జీలకర్ర: అర చిన్న చెంచా చొప్పున
మినపప్పు: 1 చిన్న చెంచా
పసుపు: చిటికెడు
మిరియాల పొడి: పావు చిన్న చెంచా
నూనె: 3 చిన్న చెంచాలు
ఉప్పు: అర చిన్న చెంచాకు మించకుండా
నిమ్మకాయ: అర చెక్క
కొత్తిమీర: కొద్దిగా

తయారుచేసే విధానం

ముందుగా పైన చెప్పిన రీతిగా సొరకాయ రుచి చూడవలెను. తరువాత కడిగి, తొక్క తీసి, నాలుగేసి అంగుళాల ముక్కలుగా కోయవలెను. ఒక్కొక్క ముక్కను నిలువునా పలుచని రేకులుగా చెక్కుకుంటూ, గింజల భాగం రాగానే ఆపవలెను. రేకులను నాలుగైదు చొప్పున ఒకదానిపై ఒకటి పేర్చి, కత్తిపీట మీద నిలువునా సన్నని పోగులుగా తరగవలెను. గింజల భాగాన్ని పోగులలో కలపరాదు. అది మెత్తబడి వంటకమంతా ముద్దవుతుంది. గింజలు లేతవైతే ఆ భాగాన్ని పప్పులో వేసుకోవచ్చును. తొక్కతో పచ్చడి చేసుకోవచ్చును. కూరగాయలను పోగులుగా తిప్పి తరిగే చేతి పరికరాలు కూడా ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. అవి లేకపోయినా ఇబ్బంది ఏమీ లేదు.

తరిగిన పోగులను పొడి గుడ్డ మీద పది నిమిషాలు ఆరబెట్టవలెను. ఈ లోపల మొలకలను ఇడ్లీ పాత్రలో ఆవిరిమీద ఎనిమిది నుండి పది నిమిషాలు ఉడికించవలెను. వేరుశెనగ గుళ్ళను నూనె లేకుండా దోరగా వేయించి, పైపొట్టు నలిపి ఊది, కచ్చాపచ్చాగా దంచి ఉంచుకోవలెను.

వెడల్పాటి మూకుడులో నూనె వేసి, కాగిన తరువాత ఆవాలు వేయవలెను. అవి చిటపటలాడగానే మినపప్పు, జీలకర్ర, అల్లం తరుగు, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు వేసి వేగనివ్వవలెను. ఉల్లిపాయ ముక్కలు వేసి రెండు నిమిషాలు, సన్నగా తరిగిన బీన్స్, క్యారట్ వేసి మరో నాలుగు నిమిషాలు వేయించవలెను. పసుపు చల్లవలెను.

ఇప్పుడు మంట పెద్దది చేసి సొరకాయ పోగులు వేసి, గరిటతో నలపకుండా పైకి క్రిందికి తిరగేస్తూ మూడు నాలుగు నిమిషాలు మాత్రమే ఉంచవలెను. మూత పెట్టకూడదు, నీరు పోయకూడదు. పోగు వంగవలెను గాని తెగకూడదు. అదే పాకం. అప్పుడు ఉడికిన మొలకలు కలిపి, చివరగా ఉప్పు, మిరియాల పొడి వేసి దింపవలెను. ఉప్పు ముందుగా వేస్తే కాయలోని నీరంతా ఊరి పులుసు వలె తయారవుతుంది. దింపిన తరువాత నిమ్మరసం పిండి, వేరుశెనగ పలుకులు, కొత్తిమీర చల్లి వేడి మీదనే వడ్డించవలెను. నిలవ ఉంచితే నీరు దిగుతుంది. కావున ఏ పూటకు ఆ పూట చేసుకోవడమే ఉత్తమం.

రుచి అచ్చం సేమ్యా ఉప్మా వలె ఉంటుందని నేను చెప్పను. పోపు వాసన అదే, పలుకుల కరకర అదే. పోగు మాత్రం సొరకాయ రుచిగానే ఉంటుంది. రెండు మూడు సార్లకు నాలుక అలవాటు పడుతుంది.

లెక్క చూద్దాము

ఒకరి భాగానికి వచ్చే 250 గ్రాముల సొరకాయలో పిండిపదార్థం సుమారు 8 గ్రాములు. మొలకలు, పలుకులు, తక్కిన కూరగాయలు అన్నీ కలుపుకుంటే మొత్తం 25 నుండి 30 గ్రాములు. సేమ్యా ఉప్మాలో సేమ్యా ఒక్కటే 55 గ్రాములు దాటుతున్నదని ముందే చూశాము. మాంసకృత్తులు ఇందులో సుమారు 11 గ్రాములు. శక్తి సుమారు 300 కేలరీలు.

మొలకలు, వేరుశెనగలు లేకుండా ఉత్త సొరకాయ పోగులు తినేవారికి గంట తిరిగేసరికి ఆకలి వేస్తుంది. ఆ ఆకలిలో రెండు బిస్కట్లో, గుప్పెడు మిక్చరో తింటే శ్రమ అంతా వృథా. కావున వాటిని తగ్గించరాదు. ఇంకా ఆకలిగా ఉంటే ఒక కప్పు పలుచని మజ్జిగ గాని, అలవాటు ఉన్నవారు ఉడికించిన కోడిగ్రుడ్డు గాని చేర్చుకోవచ్చును.

సొరకాయకు మారుగా లేత పొట్లకాయను, పచ్చి బొప్పాయి కాయను ఇదే విధంగా వాడవచ్చును. గర్భిణులు మాత్రం పచ్చి బొప్పాయిని తినరాదు. అరటి దవ్వను చక్రాలుగా కోసి, నారను వ్రేలికి చుట్టి తీసివేసి, పలుచని మజ్జిగలో వేసి ఉంచి, తరువాత సన్నగా తరిగి వాడుకోవచ్చును. బంగాళాదుంప, చిలగడదుంప, కంద వంటి దుంపల పోగులు ఈ ప్రయోజనానికి పనికిరావు.

గుండె కొరకు

ఈ వంటకం గుండెకు మేలు చేయడం నూనె, ఉప్పు కొలతల మీద ఆధారపడి ఉన్నది. చెప్పిన మూడు చెంచాల నూనెను ఆరు చేస్తే మేలు సగం పోతుంది. వేపుళ్ళకు కాచిన నూనెను మళ్ళీ దీనికి వాడకూడదు. వనస్పతి అసలే వద్దు. ఉప్పు విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా రోజుకు 5 గ్రాముల లోపు, అనగా ఒక చిన్న చెంచా లోపు. ఊరగాయ, అప్పడం, వడియాలతో ఆ పరిమితి తెలియకుండానే దాటిపోతుంది. ఈ ఫలహారానికి నిమ్మరసం ఉన్నందున ఉప్పు తక్కువైనా లోటు కనిపించదు. ప్రక్కన ఆవకాయ వేసుకుంటే మాత్రం ఆ లాభం పోతుంది.

సోడియం తక్కువగా ఉండే ఉప్పు అని అమ్మేదానిలో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, రక్తపోటుకు రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మాత్రలు వాడేవారు తమ వైద్యుని అడగకుండా దానిని వాడరాదు.

మాత్రలు వాడేవారికి ముఖ్య గమనిక

కొంత కాలం క్రిందట ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఆయన భార్య ఆటోలో మా వైద్యశాలకు తీసుకొని వచ్చింది. పగలు పదకొండు గంటల వేళ. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతున్నది. పరీక్షిస్తే రక్తంలో గ్లూకోజు 58 ఉన్నది. వెంటనే గ్లూకోజు నీళ్ళు త్రాగించాము. పావుగంటకు తేరుకున్నాడు.

“మాస్టారు పొద్దున్న ఏమైనా తిన్నారా అమ్మా?” అని అడిగాను.

“కడుపు నిండా తిన్నారండీ. వారం నుంచి రెండు పూటలా కూరగాయల పోగులే పెడుతున్నాను. మాత్ర కూడా తప్పకుండా వేసుకుంటున్నారు” అన్నది.

ఆ ఇల్లాలి శ్రద్ధలో లోపం లేదు. ఆయన వాడుతున్నది గ్లిమెపిరైడ్ మాత్ర. అది తిన్న ఆహారంతో నిమిత్తం లేకుండా క్లోమం చేత ఇన్సులిన్‌ను స్రవింపజేస్తుంది. రెండు ఇడ్లీలకో, సేమ్యా ఉప్మాకో తగినట్లుగా నిర్ణయించిన మోతాదు అది. ఫలహారంలో పిండి తగ్గిపోయినది, మాత్ర మాత్రం తగ్గలేదు. కడుపు నిండినంత మాత్రాన రక్తంలో గ్లూకోజు ఉన్నట్లు కాదు. నేను ఆయనను మాత్ర వ్రాసిన వైద్యుని వద్దకు పంపాను. ఆయన మోతాదును సగానికి తగ్గించారు. ఆ తరువాత అటువంటి ఇబ్బంది కలగలేదు.

కావున ఈ క్రింది విషయాలను ఇంట్లో అందరూ గుర్తుంచుకోవలెను.

1. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారు, ఆహారంలో పిండి తగ్గించే ముందే తమ వైద్యునికి చెప్పి మోతాదు సరిచూపించుకోవలెను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ.

2. తమంతట తాము మాత్ర మానివేయడం, తగ్గించుకోవడం చేయరాదు. ఎక్కువ కాలం అదుపు తప్పిన మధుమేహం కళ్ళను, మూత్రపిండాలను, గుండెను మౌనంగా దెబ్బతీస్తుంది.

3. చెమట, వణుకు, గుండెదడ, అయోమయం, హఠాత్తుగా ఆకలి కలిగితే వెంటనే పరీక్షించుకోవలెను. గ్లూకోజు 70 కంటె తక్కువైతే మూడు చిన్న చెంచాల గ్లూకోజు పొడిని గాని, చక్కెరను గాని నీటిలో కలిపి త్రాగవలెను. పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించి, ఇంకా తక్కువగా ఉంటే మళ్ళీ త్రాగవలెను. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయరాదు. ఆసుపత్రికి తీసుకొని పోవలెను.

4. వాగ్లిబోజ్, అకార్బోజ్ మాత్రలు వాడేవారికి చక్కెర వెంటనే పనిచేయదు. ఆ మాత్రలు చక్కెర జీర్ణం కావడాన్ని ఆలస్యం చేస్తాయి. వారు గ్లూకోజు పొడినే వాడవలెను. ఒక పొట్లం ఇంట్లో, ఒకటి సంచిలో ఉంచుకోవలెను.

5. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారు పిండిని మరీ తగ్గిస్తే రక్తంలో కీటోనులనే ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉన్నది. అప్పుడు గ్లూకోజు అంతగా పెరగకపోయినా వాంతులు, కడుపునొప్పి, ఆయాసం రావచ్చును. వైద్యుని అనుమతి లేకుండా వీరు ఈ మార్గం పట్టరాదు.

6. పొడపత్రి, నేరేడు గింజల చూర్ణం, మెంతులు వంటివి వాడేవారు ఆ సంగతిని అల్లోపతి వైద్యునికి, మాత్రల సంగతిని ఆయుర్వేద వైద్యునికి దాచకుండా చెప్పవలెను. రెండూ కలిసి గ్లూకోజును అవసరానికి మించి తగ్గించవచ్చును.

గర్భిణులు, చిన్నపిల్లల నాటి నుండి ఇన్సులిన్ మీద ఉన్నవారు, బాగా కృశించినవారు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఈ ఆహార మార్పును వైద్యుని పర్యవేక్షణలోనే చేయవలెను.

మీ ఇంట్లోనే పరీక్షించుకొనండి

ఈ ఫలహారం మీకు ఎంత ఉపకరిస్తున్నదో తెలుసుకునేందుకు నా మాటను గాని, ఇరుగుపొరుగు మాటను గాని ఆధారం చేసుకోనవసరం లేదు. గ్లూకోమీటరు ఉన్నవారు ఒక రోజు మామూలు ఫలహారానికి ముందు, మొదటి ముద్ద తిన్న రెండు గంటల తరువాత పరీక్షించుకుని వ్రాసుకొనవలెను. మరొక రోజు అదే వేళకు, అదే మాత్రతో, ఈ పోగుల ఫలహారానికి ముందు, తరువాత పరీక్షించుకొనవలెను. పెద్ద వయస్సు, ఇతర వ్యాధులు లేని మధుమేహులకు భోజనం తరువాత 180 లోపు ఉండడం సాధారణంగా లక్ష్యంగా పెట్టుకుంటారు. మీ లక్ష్యం ఎంతో మీ వైద్యుడు చెబుతారు.

మొదట వారానికి రెండు రోజులు చాలును. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వర్గపు మాత్రలు గాని వాడనివారు క్రమంగా నాలుగైదు రోజులకు పెంచుకోవచ్చును. రోగి ఒక్కనికే వేరుగా వండి వడ్డించడం కంటె ఇంటిల్లిపాదీ కలిసి తినడం మేలు. పిల్లలకు కావలిస్తే ప్రక్కన ఒక రొట్టె వేసి ఇవ్వవచ్చును. ఫలహారమైన తరువాత పది పదిహేను నిమిషాలు వాకిట్లోనో, మేడ మీదనో నడవవలెను. చెప్పులు, గొడుగు కూడా లేకుండా కాలినడకన నూరు యోజనాలు తిరగవలసినదని ప్రమేహ రోగికి సుశ్రుతుడు విధించాడు. మనకు అంత కఠిన నియమం అక్కరలేదు. ఆ పదిహేను నిమిషాలు మాత్రం మానవద్దు.

నెల రోజుల లెక్కలు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకొని, తదుపరి పరీక్షకు వెళ్ళినప్పుడు మీ వైద్యునికి చూపించండి. మాత్ర తగ్గించవలెనా, అలాగే ఉంచవలెనా అన్నది ఆ అంకెలను చూసి ఆయన నిర్ణయిస్తారు.